తొంభై నిమిషాల్లో రెండో జీవితం

జీవితాన్ని మళ్లీ మొదలుపెట్టడం గురించి తీసిన చిన్న సినిమాలో మొదటి పది నిమిషాల్లోపు అట్టపెట్టెలు కనిపించకపోతే నాకు ఏదో లోటుగా ఉంటుంది. ఖాళీ గది, గోడకు ఆనించిన పరుపు, కర్టెన్లు లేని కిటికీ, నేల మీద చతికిలబడిన నలభై దాటిన మనిషి. పెట్టె మీద ‘వంటగది’ అని రాసి ఉంటుంది, తెరిస్తే చలికోట్లు బయటపడతాయి. విడాకులయ్యాయో, ఉద్యోగం ఊడిందో, తోడున్న మనిషి పోయారో ఇంకా ఎవరూ చెప్పలేదు. అయినా సర్దింది తొందరలోనని, సర్దుతున్నప్పుడు ధ్యాస ఇంకెక్కడో ఉందని చూసేవాళ్లకు తెలిసిపోతుంది. పైగా ఖాళీ గదికి సెట్ వేయనక్కర్లేదు. చేతిలో డబ్బు లేని దర్శకుడికి ఆ పెట్టెలు ఖర్చు మిగిల్చి, కథలో సగం చెప్పేస్తాయి.

చిక్కంతా పదకొండో నిమిషం నుంచే. అక్కడి నుంచి సినిమాలో రెండు గడియారాలు నడవాలి. మొదటిది ప్రేమకథది. ఇద్దరు తారసపడాలి, కయ్యానికి కాలు దువ్వాలి, దగ్గరవ్వాలి, ఏదో అపార్థంతో విడిపోవాలి, చివరికి కలవాలి. ఈ గడియారం వేగంగా తిరగాల్సిందే, ఎందుకంటే నెమ్మదిస్తే నవ్వు చచ్చిపోతుంది. రెండోది గాయం మానే గడియారం. దానికి తొందర తెలియదు. పదిహేనేళ్లు కలిసి బతికిన మనిషి ఇంట్లో లేకపోవడం అలవాటు కావడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ లెక్కగట్టలేరు. ఈరోజు నయమైనట్టే ఉంటుంది, రేపు పాత కరెంటు బిల్లు మీద అవతలి మనిషి పేరు చూడగానే వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది. తొంభై నిమిషాల సినిమా ఈ రెండు గడియారాల చేత ఒకేసారి గంట కొట్టించాలి. అది సాధ్యం కానప్పుడు, అవి కలవలేదని ఒప్పుకోవాలి. ఈ కోవ సినిమాల మంచిచెడ్డలు నాకు ఈ లెక్క దగ్గరే తేలతాయి.

పాతకాలపు ప్రేమ హాస్యానికి ఈ బాధ లేదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ఏథెన్స్‌లో మెనాండర్ రాసిన నాటకాలు, తర్వాత రోములో ప్లాటస్, టెరెన్స్ వాటిని అందిపుచ్చుకుని రాసినవి దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. కుర్రవాడికి ఒక అమ్మాయి కావాలి. పెద్దవాడెవరో అడ్డుపడతాడు, సాధారణంగా తండ్రి. ఏదో మలుపు తిరిగి అడ్డు తొలగిపోతుంది, అందరూ విందుకు కూర్చుంటారు. సాహిత్య విమర్శకుడు నార్త్రప్ ఫ్రై 1957లో వచ్చిన ‘అనాటమీ ఆఫ్ క్రిటిసిజం’లో ఈ నమూనాను విడదీసి చూపించాడు. అందులో మనకు కావలసింది ఒక్కటే: అడ్డు బయట ఉంది. కనుక దాన్ని బయటి నుంచే తోసేయవచ్చు. ఒక ఉత్తరం, ఒక వారసత్వం, ఒక పుట్టుమచ్చ చాలు.

ఇక్కడ చిన్న పిట్టకథ. మెనాండర్ నాటకాల్లో దాదాపు పూర్తిగా మనకు దొరికింది ‘డిస్కోలస్’ ఒక్కటే. అందులో అడ్డుపడే తండ్రి పేరు క్నీమాన్. భార్య వదిలి వెళ్లిపోయింది, మనుషులంటే పడదు, పొలంలోకి ఎవరైనా అడుగుపెడితే మట్టిగడ్డలు విసురుతాడు. చివరికి బావిలో పడి, తాను చిన్నచూపు చూసిన సవతి కొడుకు చేతుల మీదుగా పైకొచ్చి, మనిషికి మనిషి తోడు అవసరమేనని ఒప్పుకుంటాడు. నాటకమంతా యువకుడి ప్రేమ చుట్టూ తిరుగుతుంది గానీ, జీవితాన్ని మళ్లీ మొదలుపెట్టాల్సింది నిజానికి ఆ ముసలాయనే. మెనాండర్ ఆయన్ని ఆటపట్టించి, ఇష్టం లేకపోయినా విందులోకి లాక్కెళ్లి వదిలేశాడు. ఇప్పటి చిన్న సినిమా క్నీమాన్‌ను తెచ్చి కథానాయకుడి స్థానంలో కూర్చోబెట్టింది. ప్రేమించాల్సిన మనిషి, ప్రేమకు అడ్డుపడే మనిషి ఒక్కరే అయ్యారు. విడాకులు తీసుకున్న యాభై ఏళ్ల స్త్రీకి తండ్రి అనుమతి అక్కర్లేదు, ఆస్తి తగాదా లేదు, లోకం కూడా పెద్దగా పట్టించుకోదు. అంత స్వేచ్ఛ ఉన్నప్పుడు నచ్చిన మనిషితో రెండో రోజే ఎందుకు వెళ్లిపోదు? ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబు చెప్పలేని స్క్రీన్‌ప్లే రైలు తప్పిపోవడం, ఫోను పగిలిపోవడం లాంటివాటి మీద ఆధారపడుతుంది. చూసేవాళ్లకు విసుగు పుట్టేది అక్కడే.

నేరుగా ఇక్కడికి ఎవరూ దూకలేదు. మధ్యలో హాలీవుడ్ ఒక వింత మజిలీ చేసింది. హార్వర్డ్ తత్వవేత్త స్టాన్లీ కావెల్ 1981లో రాసిన ‘పర్స్యూట్స్ ఆఫ్ హ్యాపీనెస్’ అనే పుస్తకంలో 1934 నుంచి 1949 దాకా వచ్చిన ఏడు సినిమాలను ఒక కుటుంబంగా చేర్చి, వాటికి పునర్వివాహ హాస్యాలని పేరు పెట్టాడు. వీటిలో అసలు ప్రశ్న ఇద్దరూ కలుస్తారా అన్నది కాదు. విడిపోయినవాళ్లు, విడిపోబోతున్నవాళ్లు తిరిగి కలుస్తారా అన్నది. 1940లో హోవార్డ్ హాక్స్ తీసిన ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’కు మూలమైన రంగస్థల నాటకంలో పత్రికా సంపాదకుడూ విలేఖరీ ఇద్దరూ మగవాళ్లే. హాక్స్ ఆ విలేఖరిని స్త్రీగా, సంపాదకుడి మాజీ భార్యగా మార్చాడు. దాంతో ఉద్యోగం వదిలేస్తానన్న పాత గొడవకు మరో అర్థం వచ్చింది. ఆమె వదిలి వెళ్తున్నది కొలువునా, మనిషినా అన్నది తేలదు.

ఆ రోజుల్లో మాజీ దంపతులే ఎందుకన్నదానికి సెన్సారు కూడా కొంత కారణం. 1934 మధ్య నుంచి కఠినంగా అమలైన ప్రొడక్షన్ కోడ్ అనే హాలీవుడ్ నియమావళి ప్రకారం వివాహేతర సంబంధాన్ని ఆకర్షణీయంగా చూపకూడదు. ఒకప్పుడు పెళ్లయిన ఇద్దరు ఒకరినొకరు కవ్వించుకుంటే మాత్రం అభ్యంతరం పెట్టడం కష్టం. కర్ర విరగకుండా పాము చావకుండా నడిపిన వ్యవహారమిది. 1937లో లియో మెకారీ తీసిన ‘ది ఆఫుల్ ట్రూత్’లో భార్యాభర్తలకు విడాకులు మంజూరవుతాయి గానీ, అవి ఖాయం కావడానికి తొంభై రోజుల గడువు ఉంటుంది. ఆ గడువే కథకు వెన్నెముక. గాయం మానే గడియారానికి కోర్టు చేత తేదీ వేయించారన్నమాట. ఇంత తెలివైన కిటుకు తర్వాతి తరాలకు దొరకలేదు.

దొరకకపోవడానికి చట్టమే కారణం. 1968లో ప్రొడక్షన్ కోడ్ పోయి, ఏ సినిమా ఏ వయసువాళ్లకు తగినదో చెప్పే రేటింగుల పద్ధతి వచ్చింది. తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేని విడాకుల చట్టం కాలిఫోర్నియాలో 1970 జనవరి 1న అమల్లోకి వచ్చింది, తర్వాత మిగతా రాష్ట్రాలూ ఒక్కొక్కటిగా ఆ బాట పట్టాయి. విడిపోవడం తేలికయ్యాక తిరిగి కలవడం ఒక్కటే దారి కాకుండా పోయింది. 1978లో పాల్ మజుర్‌స్కీ ‘యాన్ అన్‌మ్యారీడ్ వుమన్’ తీశాడు. భర్త వదిలేసిన స్త్రీకి మంచివాడైన చిత్రకారుడు దొరుకుతాడు. వేసవికి తనతో వచ్చేయమంటాడు. ఆమె వెళ్లదు. అతను ఇచ్చిపోయిన పెద్ద వర్ణచిత్రాన్ని పట్టుకుని, గాలికి అటూ ఇటూ ఊగిపోతూ న్యూయార్క్ వీధుల్లో నడుస్తుంటే సినిమా ముగుస్తుంది. నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. ఆమెగా నటించిన జిల్ క్లేబర్గ్‌కు ఆ ఏడు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతిలో సగం దక్కింది. ప్రేమకథ గడియారం ఆగిపోయినా రెండో గడియారం నడుస్తూనే ఉండవచ్చని నాకు నచ్చజెప్పిన ముగింపు అది. అయితే అది పెద్ద స్టూడియో సినిమా. అలాంటి కథలకు స్టూడియోలు ధైర్యం చేసిన కాలం ఎక్కువ రోజులు సాగలేదు.

మరి ఇండిపెండెంట్ సినిమా అంటే ఏమిటి? పెద్ద స్టూడియో సొమ్ముతో, దాని ఆమోదంతో కాకుండా తీసేది అన్నది పాఠ్యపుస్తకపు జవాబు. ఆచరణలో గీత అంత స్పష్టంగా ఉండదు. బయటి డబ్బుతో తీసిన సినిమాను స్టూడియో కొంటుంది, స్టూడియోలే చిన్న సినిమాల కోసం వేరే విభాగాలు పెడతాయి. కాబట్టి సొమ్ము ఎవరిదన్నదాని కంటే ఎంతన్నదే ఈ వ్యాసానికి ముఖ్యం. తక్కువ డబ్బు పెడితే ఎక్కువ మందికి నచ్చాల్సిన అవసరం తగ్గుతుంది. కథానాయికకు యాభై ఎనిమిదేళ్లు ఉండవచ్చు, కథానాయకుడికి పొట్ట ఉండవచ్చు. అప్పుడప్పుడూ లెక్కలు తారుమారవుతాయి కూడా. నియా వార్డలోస్ ఒంటరిగా రంగస్థలం మీద ప్రదర్శించిన కథ 2002లో ‘మై బిగ్ ఫ్యాట్ గ్రీక్ వెడ్డింగ్’ అయింది. ముప్ఫై ఏళ్లొచ్చినా కుటుంబ వ్యాపారంలోనే ఉండిపోయిన అమ్మాయి కంప్యూటర్ చదువుతో మొదలుపెట్టి తన బతుకు మార్చుకునే కథ అది. ఖర్చు సుమారు 50 లక్షల డాలర్లు. అమెరికా, కెనడాల్లో కలిపి వసూళ్లు 24 కోట్ల డాలర్లు దాటాయి. విచిత్రమేమిటంటే ఏ వారాంతంలోనూ అది వసూళ్లలో మొదటి స్థానానికి రాలేదు. చూసినవాళ్లు ఇంకొకరికి చెప్పగా చెప్పగా నెలల తరబడి ఆడింది. దాన్ని చూసి అదృష్టం కలిసొస్తుందని ఆశపడి చేతులు కాల్చుకున్న నిర్మాతలకు కొదవలేదు.

డబ్బు లేకపోవడం తెర మీద ఎక్కడ కనబడుతుందో చాలామంది సరిగ్గా పట్టుకోరు. వెలుతురులోనో దుస్తుల్లోనో వెతుకుతారు. నాకైతే కాలం గడవడంలో కనబడుతుంది. తెర మీద ఏడాది గడవాలంటే ఎండాకాలం, మంచుకాలం రెండూ చూపాలి. అంటే యూనిట్‌ను రెండుసార్లు పిలవాలి, నటులు రెండుసార్లు ఖాళీగా ఉండాలి, అద్దె ఇల్లు రెండుసార్లు దొరకాలి. ఇరవై రోజుల్లో షూటింగ్ ముగించాల్సిన సినిమాకు అది అందని మాట. కాబట్టి గాయం మానే గడియారాన్ని ఎలాగోలా ముందుకు తిప్పాలి. అందరూ పట్టే అడ్డదారి ఒకటుంది: ఒక పాట, దాని కింద ఆరేడు ముక్కల దృశ్యాలు. ఉదయం పరుగు, గోడకు రంగు, కొత్త జుట్టు, మట్టికుండలు చేసే తరగతి, రెండుసార్లు ఏడుపు, మూడోసారి నవ్వు. పాట అయిపోయేసరికి మనిషి బాగైపోతుంది. రంగు వేసిన గోడను చూపించినంత తేలిగ్గా మారిన మనసును చూపించలేమని ఆ సినిమా తీసినవాళ్లకూ తెలుసు. అందుకే కాబోలు పాట గొంతు పెంచుతారు.

ఇంకో దారి, అసలు కాలాన్ని దూకకుండా ఉండటం. 2004లో రిచర్డ్ లింక్‌లేటర్ తీసిన ‘బిఫోర్ సన్‌సెట్’ ఎనభై నిమిషాల సినిమా, కథలో జరిగే కాలమూ ఇంచుమించు అంతే. తొమ్మిదేళ్ల కిందట ఒక్క రాత్రి కలిసి తిరిగిన ఇద్దరు పారిస్‌లో ఎదురుపడతారు. సాయంత్రం అతను విమానం ఎక్కాలి. నడుస్తూ మాట్లాడుకుంటారు, అంతే. షూటింగ్ పదిహేను రోజుల్లో అయింది. గాయానికి పట్టిన తొమ్మిదేళ్లు సినిమా మొదలవకముందే గడిచిపోయాయి. నటుల ముఖాల మీద అవి నిజంగానే ఉన్నాయి, ఎందుకంటే వాళ్లిద్దరూ ఆ రాత్రి కథ చెప్పిన మొదటి సినిమాలో కనిపించి కూడా తొమ్మిదేళ్లయింది. ఏ మేకప్ బడ్జెట్‌తోనూ కొనలేని వస్తువది. అయితే ఈ దారి అందరికీ కుదరదు. నడుస్తూ మాట్లాడుకునే సినిమా తీయడం చవక అనుకుని మొదలుపెట్టినవాళ్లు చాలామందే. ఖరీదంతా ఆ మాటలు రాయడంలో ఉందని తర్వాత తెలుస్తుంది.

అడ్డు లోపల ఉందన్నాను కదా. లోపలిది కెమెరాకు కనబడదు. దానికి ఏదో ఒక వస్తువు రూపమో, మనిషి రూపమో ఇవ్వాలి. సెబాస్టియన్ లేలియో 2013లో తీసిన చిలీ సినిమా ‘గ్లోరియా’ ఆ పని ఒక ఫోనుతో చేసింది. శాంటియాగోలో ఉండే గ్లోరియాకు విడాకులై చాలా ఏళ్లయింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వయసు మళ్లినవాళ్లు నాట్యం చేసే క్లబ్బుల్లో ఆమె సాయంత్రాలు గడుస్తాయి. అక్కడ రోడోల్ఫో పరిచయమవుతాడు. అతనికీ విడాకులయ్యాయి, కాగితం మీద. మాజీ భార్య, ఎదిగిన కూతుళ్లు ఇంకా అతని మీదే ఆధారపడి ఉన్నారు. ఫోను మోగుతూనే ఉంటుంది, అతను ఎత్తుతూనే ఉంటాడు. చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే పది నిమిషాల్లో వదిలించుకోవచ్చు. ఒక భోజనం బల్ల దగ్గర మోగుతున్న ఆ ఫోనును గ్లోరియా అతని సూప్‌లో జారవిడుస్తుంది. విరగబడి నవ్వుతాం, ఆ వెంటనే ఆమె ఎన్నిసార్లు ఓర్చుకుందో గుర్తొస్తుంది. అతని గడియారం ఇంకా మొదలే కాలేదని, ఆమె గడియారం మోగి చాలాకాలమైందని ఒక్క సంభాషణ లేకుండా తెలుస్తుంది. గ్లోరియాగా నటించిన పౌలీనా గార్సియాకు బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. లేలియోయే తర్వాత జూలియన్ మూర్‌తో ఇదే కథను ఆంగ్లంలో తీశాడు. ఇద్దరు విడివిడిగా కోలుకుంటున్నప్పుడు వాళ్ల గడియారాలు కూడా వేర్వేరుగా ఉంటాయన్న చిన్న సంగతిని మరచిపోయే సినిమాలే ఎక్కువ. అవతలి మనిషి ఎప్పుడూ సిద్ధంగా తలుపు దగ్గర నిలబడి ఉంటాడు.

అదే ఏడాది వచ్చిన నికోల్ హోలోఫ్‌సెనర్ సినిమా ‘ఎనఫ్ సెడ్’ అడ్డుకు మనిషి రూపం ఇచ్చింది. నా దృష్టిలో ఈ కోవలో ఇంతకంటే పదునైన ఊహ లేదు. ఈవా మసాజ్ చేసే వృత్తిలో ఉంటుంది, విడాకులయ్యాయి, కూతురు చదువు కోసం ఇల్లు విడిచి వెళ్లబోతోంది. ఒకే విందులో ఇద్దరు కొత్తవాళ్లు పరిచయమవుతారు: ఆల్బర్ట్ అనే భారీకాయుడు, మేరియాన్ అనే కవయిత్రి. ఆల్బర్ట్‌తో స్నేహం ప్రేమగా మారుతుంది. మేరియాన్ ఆమెకు ఖాతాదారై, ఆపై స్నేహితురాలవుతుంది. మేరియాన్ తన మాజీ భర్తను తిట్టిపోస్తూ ఉంటుంది. తిండి తినే తీరు, లావు, అలవాట్లు, ఒకటేమిటి. ఆ మాజీ భర్త ఆల్బర్టేనని ఈవాకు కొంతసేపటికి అర్థమవుతుంది. అర్థమయ్యాక ఏం చేస్తుంది? ఎవరికీ చెప్పదు. ఇంకా అడిగి మరీ వింటుంది.

పైకి ఇది వెయ్యేళ్ల నాటి హాస్యపు ఎత్తే: ఒకరికి తెలిసిన రహస్యం, తెలియని ఇద్దరు. కానీ ఈవా ఎందుకు వింటోందో చూడండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని అందరూ అంటారు. ఒకసారి కాలిన ఈవా ఈసారి ముందే ఆకులు పోగు చేసుకుంటోంది. పదేళ్ల తర్వాత ఈ మనిషిలో తనకు ఏది భరించరానిదవుతుందో ఇప్పుడే తెలుసుకోవాలని ఆమె ఆశ. మొదటిసారి ప్రేమించినవాళ్లకు ఈ ఆలోచన రాదు. తెలుసుకున్నది ఆమె కళ్లను మార్చేస్తుంది. నిన్నటిదాకా ముద్దొచ్చిన అలవాటు ఈరోజు నేరంలా కనబడుతుంది. స్నేహితుల ఇంట్లో భోజనం దగ్గర ఆల్బర్ట్‌ను అతని తిండి గురించి, లావు గురించి నలుగురిలో ఎద్దేవా చేస్తుంది. మాజీ భార్యతో సాయంత్రం గడిపినట్టుందేమిటని అతను తర్వాత అడిగినప్పుడు నవ్వాలో తల దించుకోవాలో తెలియదు. ఆల్బర్ట్‌గా నటించిన జేమ్స్ గాండల్ఫీనీ సినిమా విడుదలకు మూడు నెలల ముందు, 2013 జూన్‌లో చనిపోయాడు. ఆ సంగతి పక్కన పెట్టి చూసినా, నొచ్చుకున్నప్పుడు ఆ పెద్ద శరీరం కుదించుకుపోయినట్టు కనబడే తీరు మరపురానిది.

ఇలాంటి సినిమాల్లో రెండో మనిషికి సొంత నొప్పి ఉండటం చాలా అరుదు. ఎక్కువ సినిమాల్లో ఆ పాత్ర మందు సీసా. దిగులుగా ఉన్న యువకుడి జీవితంలోకి ఒక చలాకీ అమ్మాయి వచ్చి, వానలో గెంతి, అతన్ని బాగుచేసి, తన పని ముగించుకుంటుంది. ఈ రకం పాత్రకు ‘మానిక్ పిక్సీ డ్రీమ్ గర్ల్’ అని అమెరికన్ విమర్శకుడు నేథన్ రాబిన్ 2007లో పేరు పెట్టాడు. ఆ పేరు ఎంత విపరీతంగా పాకిందంటే, కాస్త హుషారుగా ఉన్న ప్రతి స్త్రీ పాత్రకూ తగిలించడం చూసి కొన్నేళ్లకు ఆయనే నొచ్చుకుని వెనక్కి తీసుకున్నాడు. పేరు పోయినా పాత్ర పోలేదు, రూపు మార్చుకుంది అంతే. నగరం నుంచి దెబ్బతిని వచ్చిన స్త్రీకి చిన్న ఊళ్లో ఎదురయ్యే చేతిపనివాడు, మాట తక్కువ, ఓర్పు ఎక్కువ, దగ్గరలో ఒక కుక్క. అతనికి పన్ను నొప్పయినా రాదు.

నవ్వు గురించి ఒక మాట. మళ్లీ మొదలుపెట్టేవాళ్ల హాస్యం అభ్యాసం తప్పిపోవడంలో పుడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఒక అపరిచితుడి ఎదురుగా కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, ఎంతసేపటికి సందేశానికి జవాబివ్వాలో తెలియదు. ఈ ఇబ్బందిని దర్శకులు దూరం నుంచి, ఇద్దరూ ఒకే చట్రంలో పట్టేలా చూపితే నవ్వొస్తుంది. అదే క్షణాన్ని క్లోజప్‌లో పట్టి, కింద పియానో వాయిస్తే జాలి కలుగుతుంది. జాలిపడ్డ మనిషితో కలిసి నవ్వలేం. చిన్న సినిమాల్లో క్లోజప్పులు ఎక్కువ కావడానికి కూడా కొంతవరకు డబ్బే కారణం. వెడల్పు షాట్‌లో గదంతా కనబడుతుంది, గదంతా అలంకరించాలి. దాంతో హాస్యంగా రాసుకున్న దృశ్యం తెర మీదికి వచ్చేసరికి కన్నీటి దృశ్యమైపోతుంది.

ఇక శుభం కార్డు. ఒకప్పుడు పెళ్లితో ముగించడం ఎంత తప్పనిసరో, ఇప్పటి ఇండిపెండెంట్ సినిమాకు ఒంటరిగా నడిచి వెళ్లే నాయికతో ముగించడం అంత తప్పనిసరైపోయింది. 1978లో ఆ నడక సాహసం. ఇప్పుడు చాలాసార్లు అది మర్యాద. తమకు ప్రేమ మీద నమ్మకం ఉందని ప్రేక్షకుడికి తెలిస్తే చిన్నతనమవుతుందేమోనన్న భయం తీసేవాళ్లలో కనబడుతుంది. ఇద్దరు కలిస్తే రాజీపడ్డట్టు, విడిపోతే నిజాయితీ చూపినట్టు లెక్క ఏమీ లేదు. కలిసినా విడిపోయినా, వాళ్ల రెండో గడియారం ఎంత దూరం వచ్చిందో నాకు తెలిస్తే చాలు.

‘ది ఆఫుల్ ట్రూత్’ చివరి ఘట్టంలో గోడ మీద ఒక ఆట గడియారం ఉంటుంది. గంట కొట్టినప్పుడల్లా రెండు చిన్న తలుపులు తెరుచుకుని, ఒక దాంట్లోంచి మగబొమ్మ, ఇంకో దాంట్లోంచి ఆడబొమ్మ బయటికొచ్చి, మళ్లీ ఎవరి తలుపులోకి వాళ్లు వెళ్లిపోతుంటాయి. పక్కపక్క గదుల్లో భార్యాభర్తలకు నిద్ర పట్టదు, అర్ధరాత్రికి విడాకులు ఖాయమవుతాయి. పన్నెండు కొడుతుంది. ఈసారి మగబొమ్మ తన తలుపు దగ్గర ఆగి, చుట్టూ చూసి, ఆడబొమ్మ వెనకే ఆమె తలుపులోకి దూరిపోతుంది. రెండు గడియారాలను ఒకేసారి మోగించడానికి మెకారీ ఆ గారడీ చేయాల్సి వచ్చింది. మోసమేనని తెలుసు, ఎన్నిసార్లు చూసినా ఒప్పేసుకుంటాను.